వికలాంగుల పింఛను, సదరం సర్టిఫికెట్: ఫోన్లో చూసిన సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలి, మిగతాది ఎక్కడ తేల్చుకోవాలి

2024 ఆగస్టులో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు మా పెదనాన్న కొడుకు ఒక వీడియో పంపాడు. పక్షవాతం ఉన్నవాళ్లకి నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు, వెంటనే అప్లై చెయ్యండి అని అందులో చెప్పారు. అప్పటికే మందుల కోసం అప్పు చేసి ఉన్నాం. ఆటో మాట్లాడుకుని, నాన్నని ఇద్దరం పట్టుకుని ఎక్కించి, పింఛనుకు కావాల్సిన సదరం సర్టిఫికెట్ (లోపం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి ఇచ్చే కాగితం) కోసం 30 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. కౌంటర్‌లో అడిగిన మొదటి మాట, "స్లాట్ బుక్ చేశారా?" స్లాట్, అంటే పరీక్షకు ముందే తీసుకోవాల్సిన తేదీ, ఒకటి ఉంటుందని మాకు తెలియదు. ఒక డాక్టరు గారు మాత్రం నాన్న పరిస్థితి చూసి బయటికి వచ్చి చెప్పారు: "స్ట్రోక్ వచ్చి 40 రోజులే అయిందమ్మా. ఆరు నెలలు ఆగి రండి. అప్పటికి ఎంత కోలుకుంటారో చూసి, మిగిలినదాన్నే కొలుస్తాం." నాన్న ఆ రోజంతా ఆటోలో పడుకునే ఉన్నారు.

ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో పక్షవాతానికి 15,000 ఉంది. కానీ అది మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోయిన వారికి. ఆ ఒక్క ముక్క వీడియోలో లేదు. మిగతా వికలాంగులకు 6,000. నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు కాబట్టి ఆ 15,000 ఆయనకు వర్తించేదే కాదు.

అప్పటి నుంచి మా ఊళ్లోవాళ్లకి, చుట్టాలకి ఈ కాగితాల పనిలో తోడు వెళ్తున్నాను. ఆఫీసులో ఏమేం అడగాలో నెట్ చూసి బాగా నేర్చుకోవచ్చు. మన మనిషికి వస్తుందా రాదా అన్నది మాత్రం మన కాగితం మీద ఉన్న తేదీ, ఆ రోజు అమల్లో ఉన్న జీవో (ప్రభుత్వ ఉత్తర్వు), సంతకం పెట్టే అధికారి తేలుస్తారు. ఈ తేడా తెలియక తిరిగినవాళ్లని చాలామందిని చూశాను. అందుకే నేను చేసే పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

1. వెతకడానికి ముందు ఒక కాగితం మీద మీ సంగతి రాసుకోండి

ఏ రాష్ట్రం, ఏ జిల్లా. రేషన్ కార్డు ఏ ఊరిది. వయసు. లోపం ఏమిటి, ఎప్పటి నుంచి. సర్టిఫికెట్ ఉంటే అది పాత సదరమా, యూడీఐడీ కార్డా (కేంద్రం పోర్టల్ ద్వారా వచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు), తాత్కాలికమా, శాశ్వతమా, తాత్కాలికమైతే ఏ తేదీ వరకు. ఇంట్లో ఇంకెవరికైనా పింఛను వస్తోందా. ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, కారు ఉన్నవారు అదే రేషన్ కార్డులో ఉన్నారా.

ఇది పది నిమిషాల పని. ఇది లేకుండా ఫోన్ తెరిస్తే ఎవరి సంగతో మన సంగతి అనుకుంటాం. పొరుగు రాష్ట్రం వీడియో మన భాషలోనే ఉంటుంది కాబట్టి మనకి మరీ ఇబ్బంది. హైదరాబాద్‌లో ఉంటూ రేషన్ కార్డు శ్రీకాకుళంలో ఉన్నవాళ్లు తెలంగాణ వీడియో చూసి మీసేవకి వెళ్లి, రోజంతా నిలబడి తిరిగొచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

2. అదే పథకం, రకరకాల పేర్లు: సరైన పేరుతో వెతకండి

మన ఇళ్లలో వికలాంగులు అంటాం. కేంద్రం కాగితాల్లో దివ్యాంగులు అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ. ఒక పదంతో వెతికితే మిగతా పేర్లతో ఉన్న ఉత్తర్వులు కనబడవు.

పింఛను పేర్లు కూడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత ఎన్టీఆర్ భరోసా, 2019 నుంచి వైఎస్సార్ పెన్షన్ కానుక, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ భరోసా. పేరు తిరిగి అదే కావడంతో 2016 నాటి పేజీ తెరిచి అందులో ఉన్న మొత్తాన్ని, అర్హతలను ఇప్పటివే అనుకునేవాళ్లు ఉన్నారు. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పేరుతో వికలాంగులకు 1,500తో మొదలైంది. 2019లో 3,016, 2023లో 4,016 అయింది.

కేంద్రం పింఛను వేరే. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 2009లో వచ్చింది. 80 శాతం పైన లోపం, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబం అని షరతులు. కేంద్రం ఇచ్చేది నెలకు 300. ఇంగ్లీషులో వెతికితే ముందు వచ్చేది ఇదే. ఒక అమ్మాయి తన 50 శాతం సర్టిఫికెట్ పట్టుకుని, "80 కావాలంట కదా అక్కా, నాకు రాదు" అని రెండేళ్లు సచివాలయం గడప తొక్కలేదు. రాష్ట్ర పింఛనుకు 40 శాతం చాలు. నెట్‌లో తప్పుడు ఆశ దొరికినట్టే తప్పుడు నిరాశ కూడా దొరుకుతుంది. దాని గురించి ఎవరూ హెచ్చరించరు, ఎందుకంటే ఆగిపోయినవాళ్లు ఏ ఆఫీసులోనూ కనబడరు.

ఫోన్లో ఏఐని అడిగినా ఇదే కలగాపులగం జరగొచ్చు. ప్రశ్నలో రాష్ట్రం పేరు లేకపోతే అమెరికా సోషల్ సెక్యూరిటీ సంగతులు కూడా కలిపి చెప్పేస్తుంది. రాష్ట్రం, పథకం పేరు రాసి అడగండి. వచ్చిన జవాబును ఆఫీసులో అడగాల్సిన ప్రశ్నగా మార్చి రాసుకోండి.

3. తేదీ చూడండి, తర్వాత జీవో అడగండి

వీడియో ఎప్పుడు పెట్టారో చూస్తే సరిపోదు. పాతదాన్ని కొత్తగా పెట్టేవాళ్లు ఉంటారు. చెప్పిన మాటకు జీవో నంబరు, తేదీ, శాఖ పేరు ఉన్నాయా చూడండి. ఉంటే ఆ జీవోలో రెండు చోట్ల ఆగి చదవండి: ఎప్పటి నుంచి అమలు, ఎవరికి వర్తించదు. తెలుగు వీడియోల్లో ఎక్కువగా ఎగిరిపోయేవి ఈ రెండే.

ఎన్నికల హామీ, మంత్రి ప్రకటన, కేబినెట్ నిర్ణయం, జీవో, బ్యాంకులో డబ్బు. ఇవి ఐదు మెట్లు. వార్తలో ఐదింటికీ ఒకటే హెడ్డింగ్ పెడతారు. తెలంగాణలో 2023 ఎన్నికల్లో చేయూత అనే పథకం కింద వికలాంగులకు 6,000 అన్నది హామీ. దాన్ని అందుతున్న పింఛనుగా రాసేసిన పేజీలు అప్పుడే పుట్టాయి. మీరు చదువుతున్నది ఏ మెట్టు మీద ఉందో ముందు తేల్చుకోండి.

నిబంధనలు కూడా నిశ్శబ్దంగా మారతాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. సర్టిఫికెట్ నెల రోజుల్లో ఇవ్వాలని 2017 నిబంధనల్లో ఉండేది. 2024 అక్టోబరు సవరణలో దాన్ని మూడు నెలలు చేశారు. నెల గడువు చూపించి డాక్టరుతో వాదనకు దిగితే మన మాటే వీగిపోతుంది. 2021 జూన్ 1 నుంచి సర్టిఫికెట్లు యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు రాసిన "సర్టిఫికెట్ ఎలా పొందాలి" పేజీలు పక్కన పెట్టండి.

4. పర్సంటేజీని ఇంట్లో లెక్కేసుకోకండి

ఎక్కువ మంది మనసు విరిగేది ఇక్కడే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

లోపాన్ని ఎలా కొలవాలో కేంద్రం గెజిట్‌లో ప్రచురించింది. 2018లో ఒకసారి, 2024 మార్చిలో మార్చి మళ్లీ ఒకసారి. అందులో ఉన్న పద్ధతికీ మన లోకజ్ఞానానికీ పొంతన ఉండదు. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను బాగుంటే మనం సగం చూపు పోయింది, 50 శాతం అనుకుంటాం. 2018 పట్టికలో దానికి 30 శాతం. అంటే 40 దాటదు. ఒక కన్ను పోయినవారికి పింఛను వస్తుందని ఎవరో రాసింది చూసి, ఆశతో సదరం పరీక్షల క్యాంపుకి వచ్చి ఏడ్చుకుంటూ వెళ్లినవాళ్లని చూశాను. ముందే తెలిసి ఉంటే ఆ నొప్పి కొంతైనా తగ్గేది.

రెండు లోపాలు ఉంటే రెండు శాతాలూ కూడేస్తాం. అదీ తప్పే. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 40, చెవికి 30 ఉందనుకోండి. 90లోంచి 40 తీస్తే 50. దాన్ని 30తో గుణిస్తే 1,500. 90తో భాగిస్తే 16.67. మొత్తం దాదాపు 57. మనం అనుకున్న 70 రాదు. "పర్సంటేజీ తగ్గించేశారు" అని బాధపడే ముందు ఈ లెక్క వేసి చూడండి. లెక్క ప్రకారం కూడా తక్కువే వచ్చిందనుకోండి, అప్పుడు అప్పీలు చెయ్యండి. వికలాంగుల హక్కుల చట్టంలోని 59వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది.

పక్షవాతం లాంటి నరాల జబ్బుల్లో, మా నాన్న విషయంలో అన్నట్టు, మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఎదిగే పిల్లలకు, ముఖ్యంగా బుద్ధిమాంద్యం ఉన్నవారికి, ముందు తాత్కాలికంగా ఇచ్చి వయసు పెరిగాక మళ్లీ చూస్తారు. చిన్న పిల్లాడికి "శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వలేదు, మోసం చేశారు" అని వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాట విని ఒక తల్లి నిద్ర మానేసింది. తాత్కాలికం ఇవ్వడమే అక్కడ పద్ధతి. ఆమె చెయ్యాల్సింది ఒక్కటే, గడువు తేదీని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకుని, అది దాటకముందే మళ్లీ స్లాట్ తీసుకోవడం.

ఇక క్యాంపుకి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. వినికిడి లోపానికి ఆడియోగ్రామ్, బెరా అనే చెవి పరీక్షల రిపోర్టులు; పక్షవాతానికి స్కాన్, డిశ్చార్జి షీటు. రోజూ ఏమేం చెయ్యలేకపోతున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పరీక్ష గది దగ్గర కంగారులో సగం మర్చిపోతాం.

5. సర్టిఫికెట్ ఒకటే, తలుపులు వేరు వేరు

యూడీఐడీ కార్డు వస్తే అన్నీ వచ్చేస్తాయన్న మాట చాలా చోట్ల రాసి ఉంటుంది. కార్డు చూపించాల్సిన చోటు ప్రతిదీ వేరు, షరతులూ వేరు. కార్డు రంగు కూడా చూసుకోండి. 2024 నిబంధనల ప్రకారం 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. తెల్ల కార్డు వచ్చిందంటే గుర్తింపు ఉందని అర్థం, 40 శాతం అడిగే పథకాలకు అది సరిపోదు.

పింఛనుకు శాతంతో పాటు కుటుంబ వడపోత ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో భూమి, కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నెలకు 300 యూనిట్ల కరెంటు లాంటివి చూస్తున్నారు. 70 శాతం ఉన్నా ఇక్కడ ఆగిపోవచ్చు. చాలాసార్లు తప్పు ఆధార్ లింకు వల్లే ఆగుతుంది. ఎవరి కరెంటు మీటరో మన ఆధార్‌కి అతుక్కుని ఉంటుంది. అందుకే "రాదు" అన్నప్పుడు ఏ కారణం దగ్గర ఆగిందో ఆ పేరు అడిగి రాసుకోండి.

రైలు రాయితీకి 40 శాతం చాలదు. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని కాళ్లు చేతుల లోపం, పూర్తి అంధత్వం, వినికిడీ మాటా రెండూ పూర్తిగా లేకపోవడం, బుద్ధిమాంద్యం. ఈ వర్గాలకే. అదీ రైల్వే వారి నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకంతో.

ఆదాయపు పన్నులో 40 శాతం పైన 75,000, 80 పైన 1,25,000 మినహాయింపు అన్నది నిజమే, కానీ పాత పన్ను పద్ధతి ఎంచుకున్నవారికే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. పాత వ్యాసంలోని 80యూ అన్న నంబరు పట్టుకుని కొత్త ఫారంలో వెతకకండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల వరకు. ఇది చాలా ఇళ్లకు తెలియదు. 18 దాటాక వీరికి సంరక్షకులను నియమించేది కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ.

6. ఆఫీసుకి వెళ్లి ఏం అడగాలి

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌ని, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిని లేదా ఎంపీడీవో ఆఫీసులో పింఛన్ల సెక్షన్‌ని, పట్టణంలో అయితే మున్సిపల్ ఆఫీసుని. "పింఛను వస్తుందా సార్?" అని అడిగితే "చూద్దాం" అంటారు. ప్రశ్న ఇలా వెయ్యండి:

"మా నాన్నకి ఈ తేదీన ఇచ్చిన సర్టిఫికెట్ ఉందండీ, ఇంత శాతం. ఈ వర్గంలో కొత్త దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారా? తీసుకోకపోతే ఏ ఉత్తర్వు కోసం ఆగారు? తీసుకుంటే ఇంకేం కాగితం కావాలి? మంజూరు చేసేది ఎవరు?"

ఈ మొదటి ప్రశ్నకు జవాబు నెట్‌లో దొరకదు. సర్టిఫికెట్ చేతికి రావడం, పింఛను మంజూరు కావడం రెండు వేరు పనులు. దరఖాస్తు ఇస్తే రసీదు నంబరు తీసుకోండి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఏం చెప్పారు అని నోటుబుక్కులో రాయండి. మా ఇంట్లో నాన్న ఫైలుకి కట్టిన చిన్న నోటుబుక్కు ఉంది. తర్వాత వెళ్లినప్పుడు "ఫలానా తేదీన మీరు ఇలా చెప్పారండీ" అని చదివితే మాట తీరే మారుతుంది. గొడవ పడక్కర్లేదు.

పోర్టల్‌లో స్టేటస్ చూసి కంగారు పడకండి. అది వెనకబడి ఉండొచ్చు. పెండింగ్ అని ఉన్నా పని జరిగి ఉండొచ్చు, అప్రూవ్డ్ అని ఉన్నా కింద ఒక సంతకం ఆగి ఉండొచ్చు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని మనిషిని అడగండి.

7. నోటీసు వస్తే, జవాబు రాకపోతే

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛను తీసుకుంటున్న వికలాంగులను మళ్లీ పరీక్షించారు. ఆగస్టులో చాలామందికి శాతం 40 కంటే తక్కువ ఉందని నోటీసులు వచ్చాయి. మా ఊళ్లో ఆ వారం ఫోన్లలో రెండు మాటలు తిరిగాయి. అందరి పింఛన్లూ పోతాయని ఒకటి, ఏం కాదు ఆ కాగితం పక్కన పడేయండని ఇంకొకటి. మొదటిది విన్నవాళ్లు అన్నం మానేశారు. రెండోది విన్నవాళ్లు చెయ్యాల్సిన పని వదిలేశారు. నోటీసు వచ్చినవారు అప్పీలు చేసుకుని మళ్లీ పరీక్షకు వెళ్లే వీలు అప్పుడు ఇచ్చారు, దానికి ఎంపీడీవో లేదా మున్సిపల్ కమిషనర్ దగ్గర దరఖాస్తు ఇవ్వాల్సి ఉండేది.

నోటీసు అందిన రోజే వెనక్కి తిప్పి తేదీ రాయండి. గడువు ఆ తేదీతో లెక్కవుతుంది. నోటీసుకు జవాబు నోటీసులోనే వెతకండి, వీడియోలో వద్దు.

జవాబే రాకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. రెండూ సోమవారమే. అక్కడ నంబరు ఇస్తారు. కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక పేజీ రాయండి: నా దరఖాస్తు నంబరు ఇది, ఏ అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఉంది, ఏ నిబంధన కింద ఆగింది. 30 రోజుల్లో చెప్పాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ఆ తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు.

8. డబ్బు అడిగారంటే ఆగండి

యూడీఐడీ దరఖాస్తుకు ఫీజు లేదు. కేంద్ర పోర్టల్ చిరునామా స్వావలంబన్ కార్డ్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని పేజీలో ఆధార్ నంబరు కొట్టకండి. పర్సంటేజీ పెంచిస్తామని డబ్బు అడిగేవారి దగ్గరికి అసలు వెళ్లకండి. మోసంతో ప్రయోజనం పొందితే హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ఆ శిక్ష మన మనిషికీ పడుతుంది. ఓటీపీ చెప్పేసి డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

9. గ్రూపులు దేనికి పనికొస్తాయి

నేను గ్రూపులు వదిలెయ్యమనను. స్లాట్లు ఏ రోజు తెరుస్తున్నారు, ఏ ఆసుపత్రిలో చెవి డాక్టరు ఏ వారం వస్తున్నారు, చక్రాల కుర్చీతో వెళ్తే ఏ గేటు దగ్గర మెట్లు లేవు, మధ్యాహ్నం ఎక్కడ కూర్చోవచ్చు. ఇవి ఏ జీవోలోనూ ఉండవు. నిన్న వెళ్లొచ్చినవారే చెప్పగలరు. ఆరు నెలల తర్వాత నాన్నని రెండోసారి తీసుకెళ్లినప్పుడు ఎవరో అక్క చెప్పిన ఆ వెనక గేటు నుంచే తీసుకెళ్లాం. ఒక్క మెట్టు ఎక్కాల్సిన పని లేకపోయింది.

మీ పని అయ్యాక మీరూ రాయండి. రాసేటప్పుడు పైన నాలుగు సంగతులు పెట్టండి: ఏ తేదీ, ఏ రాష్ట్రం, ఏ జిల్లా, మీ మనిషికి ఏ లోపం ఎంత శాతం. "నాకు వచ్చింది, మీకూ వస్తుంది" అనే బదులు "మా అమ్మకి ఈ కాగితాలు అడిగారు" అని రాయండి. మంజూరు పత్రం ఫొటో పెడితే ఆధార్ నంబరు, ఫోన్ నంబరు చెరిపేసి పెట్టండి.